ఎల్బీనగర్‌లో దిగే భాషలు

ఎల్బీనగర్ చౌరస్తాకు ఒకవైపు నుంచి విజయవాడ రోడ్డు వస్తుంది. ఇంకోవైపు సాగర్ రింగురోడ్డు మీదుగా దేవరకొండ, మాల్, ఇబ్రహీంపట్నం బస్సులొస్తాయి. ఉప్పల్ దారిన వరంగల్ జనం దిగుతారు. పొద్దున్నే అక్కడ కాసేపు నిలబడితే సూర్యాపేట మాట, ఖమ్మం మాట, మిర్యాలగూడ మాట ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తాయి. బియ్యం మూటలు, పచ్చడి డబ్బాలు, చుట్టిన చాపలు, పుస్తకాల సంచులు దిగుతాయి. వాటిలో చాలావరకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల గదులకు చేరతాయి. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం సందుల్లో పై అంతస్తుల నిండా ఆ గదులే.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన పిల్లల్లో చాలామంది బస్సు దిగి ఫోన్ తీయగానే మాట్లాడేది తెలుగు కాదు. "యాడీ" అని మొదలుపెడతారు. అమ్మను పిలిచే పిలుపు అది. దిగాననీ, తిన్నాననీ, పైసలు అందాయనీ లంబాడీలో చెబుతారు. తమ భాషను వాళ్లు గోర్ బోలీ అంటారు. రెండు నిమిషాల మాట. ఫోన్ జేబులో పడగానే ఆటోవాడితో తెలుగు, సెంటర్‌కు చేరాక తెలుగూ ఇంగ్లీషూ కలిసిన భాష, పాతబస్తీ దోస్తు కలిస్తే హైదరాబాదీ ఉర్దూ. ఇన్ని భాషలు ఇంత అలవోకగా వచ్చిన పిల్లలను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఆ మొదటి రెండు నిమిషాల భాషకు మాత్రం ఈ నగరంలో ఫోన్ బయట చోటు లేకపోవడం మనసులో ముల్లులా మెదులుతూ ఉంటుంది.

మా పైవాటాలో అద్దెకుండే కుర్రాడొకడు గ్రూప్-1కు చదువుతున్నాడు. మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరు ఉంటుంది కదా, దానికోసం వారం వారం వ్యాసాలు రాసి, భాష సరిచూడమని నాకు తెచ్చిస్తుంటాడు. ఒకసారి వాళ్ల సెంటర్‌లో ఇచ్చిన అంశం, అంతరించిపోతున్న భాషలను ప్రభుత్వం కాపాడాలా వద్దా అన్నది. నాలుగు పేజీలు పొందికగా రాశాడు. ముందు అనుకూల వాదాలు, తర్వాత ప్రతికూల వాదాలు, చివర సమన్వయం. యునెస్కో వచ్చింది, రాజ్యాంగం 29వ అధికరణం వచ్చింది, అండమాన్‌లో బో భాష మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోవడం వచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. అన్నీ ఉన్నాయిగానీ లంబాడీ లేదు. అతను దేవరకొండ దగ్గర తండావాడు.

"మీ భాష సంగతి ఎందుకు రాయలేదు నాయనా?" అన్నాను.

"అది ఎండేంజర్డ్ లిస్టుల లేదు సార్. రాస్తే ఎగ్జామినర్ మార్కులు కోస్తడేమో" అన్నాడు.

అతని జాగ్రత్తను తప్పుపట్టలేను. మార్కులు కావాల్సిన పిల్లాడు. కానీ ఆ జవాబు నన్ను చాలారోజులు వదల్లేదు. నెమ్మదిగా ఆలోచిస్తే ప్రశ్న వేసిన తీరులోనే ఏదో పొరపాటు ఉందనిపించింది. ప్రభుత్వం భాషలను కాపాడాలా అని అడుగుతున్నామంటే, ఇప్పటిదాకా ప్రభుత్వం భాషల జోలికి పోకుండా ఓ పక్కన నిలబడి ఉందనీ, ఇకనైనా రావాలా వద్దా అనీ అడుగుతున్నట్టు. అసలు సంగతి అది కాదు. ప్రభుత్వం ఎప్పుడో వచ్చేసింది. మెట్రోలో రాబోయే స్టేషన్ పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెబుతారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం ఒక భాషలో ఉంటుంది, కోర్టు తీర్పు ఒక భాషలో వస్తుంది, ఒకటో తరగతి వాచకం ఒక భాషలో అచ్చవుతుంది. మతం పక్కన పెట్టి ప్రభుత్వం నడవగలదు. భాష పక్కన పెట్టి ఒక్క పూట కూడా నడవలేదు. ఏదో ఒక భాషలో నోరు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ ఆ భాషకు కొంత బలం వస్తుంది, మిగతావాటికి కొంత తరుగుతుంది. ప్రభుత్వాలు భాషలను కాపాడుతూనే ఉన్నాయి. కాకపోతే పెద్దవాటిని.

ఈ సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే కోఠీ ఎంతో దూరం కాదు. అక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని ఆవరణలో 1921 నవంబరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్లను సభ కుదురుగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి లేవగానే గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టింది. సంస్థానంలో అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధాని నడిబొడ్డున జరిగిన మర్యాద అది. ఆ అవమానం మీదనే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతకుముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఉస్మానియాలో చదువు ఉర్దూలో, కచేరీలో వ్యవహారం ఉర్దూలో సాగుతున్న కాలంలో ఇవన్నీ జనం సొంతంగా చేసుకున్న పనులు.

దీన్ని చూపించి, చూశారా, తెలుగు ప్రభుత్వం అండ లేకుండానే బతికింది, బతకాల్సిన భాష ఎలాగైనా బతుకుతుంది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఊళ్లకు ఊళ్లు తెలుగు మాట్లాడుతుంటే, పక్కన మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చు యంత్రాలు తెలుగు పుస్తకాలు వేస్తుంటే తట్టుకోగలిగింది. అంత బలగం ఉన్న భాషకు కూడా ఆ తర్వాత ప్రభుత్వమే కావలసి వచ్చింది. పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చింది 1952లో. 1966లో అధికార భాషా చట్టం, 1968లో తెలుగు అకాడమీ, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, 2008లో ప్రాచీన భాష హోదా. 2018లో తెలంగాణ శాసనసభ ఒకటి నుంచి పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకు ఇన్ని చట్టాలు అవసరమైతే లక్షమంది మాట్లాడే కొలామీకి ఏమీ అక్కర్లేదని మనం ఏ నోటితో అంటాం?

2011 జనాభా లెక్కల్లో కొలామీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 1,28,451 మంది. కోయ నాలుగు లక్షలు దాటింది. గోండీ ఇంచుమించు ముప్పై లక్షలు. లంబాడీ చెప్పుకున్నవాళ్లు దేశం మొత్తంమీద 32 లక్షల పైచిలుకు. అయితే ఆ పట్టికలో లంబాడీ విడి భాషగా కనిపించదు. హిందీ కింద ఉన్న మాతృభాషల వరసలో ఉంటుంది. భోజ్‌పురి, రాజస్థానీ, ఛత్తీస్‌గఢీల పక్కన. 52 కోట్ల 83 లక్షల హిందీ లెక్కలో దేవరకొండ తండాల అమ్మలు కూడా ఉన్నారు. వాళ్లలో ఎందరికి హిందీ వచ్చునో ఎవరైనా ఆ తండాకు వెళ్లి ఒక పూట కూర్చుంటే తెలిసిపోతుంది.

కేంద్రానికి అంతరించే భాషల పథకం లేకపోలేదు. 2013లో మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ చేతికి ఇచ్చారు. పదివేల మందికన్నా తక్కువ మాట్లాడే భాషలను ఎంచుకుని వ్యాకరణం, నిఘంటువు, పాటలు, ఆచారాలు నమోదు చేయడం దాని పని. మంచి పని. ఆ రికార్డులు లేకపోతే రేపు ఏమీ మిగలదు. కానీ పదివేలకు పడిపోయేదాకా ఆ పథకం తలుపు తెరుచుకోదు. పైనేమో ఎనిమిదో షెడ్యూలు ఉంది. అందులో 22 భాషలు. 2003లో 92వ సవరణతో బోడో, డోగ్రీ, మైథిలి, సంతాలీ చేరాయి. అదే చివరి చేర్పు. కోటిమందికి పైగా మాట్లాడే భీలీ అందులో లేదు. 2011 లెక్కల ప్రకారం పాతికవేల లోపు మంది మాతృభాషగా చెప్పిన సంస్కృతం ఉంది. సంస్కృతాన్ని తీసేయమని నేననడం లేదు. ఆ జాబితా తలలు లెక్కపెట్టి కూర్చింది కాదని మాత్రం అంటున్నాను.

కొలామీ, గోండీ, లంబాడీ ఈ రెండు తలుపుల మధ్య వరండాలో ఉన్నాయి. పై జాబితాకు గుర్తింపు చాలదు, కింది పథకానికి ప్రమాదం చాలదు. మా పైవాటా కుర్రాడు లిస్టులో లేదన్నది ఇందుకే. ఒక భాష బాగా బతకగలిగిన వయసులో దానికి సాయం ఉండదు. గొంతు ఆగిపోయే ముందు మాత్రం రికార్డరు పట్టుకుని వస్తారు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు రామమూర్తి పుట్టినరోజు. బడుల్లో పిల్లలు పంచెలు కట్టుకుని వస్తారు, వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీద ఉపన్యాసాలు సాగుతాయి. ఆయన జీవితంలో మరో సగం ఉంది. ఉపన్యాసాల్లో దాన్ని ఒక వాక్యంతో దాటేస్తాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష మీద దృష్టి పెట్టాడు. అప్పటికి ఆ భాషకు రాత లేదు, పుస్తకం లేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నాడు. సవర తెలుగుకు చుట్టం కూడా కాదు, ముండా కుటుంబానిది. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకున్నాడు, వాటికి మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. భాషల చప్పుడు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోయాయి. అయినా మానలేదు. సవరలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకొద్దని, ఆ డబ్బుతో బడి నడపమని కోరాడని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వమే 1931లో అచ్చువేసింది.

ప్రభుత్వం ఏం చేయాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబుల్లో గిడుగు కోరిక చాలా సూటిగా ఉంటుంది. నన్ను గౌరవించకండి, ఆ పిల్లలకు బడి పెట్టండి. వ్యాకరణం రాసే మనిషి ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. బడిని, అందులో పంతులు జీతాన్ని, ఆ పంతులు చెప్పిన చదువుకు విలువను ఏ ఒక్క మనిషీ పదికాలాలు మోయలేడు. అది ప్రభుత్వం మోయాల్సిన బరువు.

నిజాం పాలన కూడా ఒకసారి ఆ పని చేసింది. 1940లో జోడేఘాట్‌లో నిజాం మీద తిరగబడిన కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపారు. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. గోండు కుర్రాళ్లే పంతుళ్లయ్యారు. ఉర్దూ రాజ్యంలో, తెలుగుకే దిక్కులేని రోజుల్లో, గోండీలో అక్షరాలు దిద్దించిన బడులవి. తర్వాత రాజ్యం మారింది, తెలుగు రాష్ట్రం వచ్చింది, ఆ గోండీ వాచకాలు బడుల్లోంచి తప్పుకున్నాయి. మనకు జరిగిన అన్యాయం పోయింది. మనకన్నా చిన్నవాళ్లకు మన చేతుల్లోనే అన్యాయం జరిగింది. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ రాయకుండా ఉండలేను. చెంచులు ఇప్పుడు తెలుగే మాట్లాడతారు. నాయకపోడులూ అంతే. తెలుగు పెరిగిన దారిలో ఇలాంటి పల్లెలు ఎన్నో ఉన్నాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య అని ఒక ప్రయత్నం జరిగింది. సవర, కువి, కొండ, కోయ, గోండీ, కొలామీ, లంబాడీ, ఆదివాసీ ఒడియా. ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. పిల్లవాడు మొదటి ఏళ్లు ఇంటి భాషలో చదువుకుని, మెల్లగా తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి నడవాలన్నది ఆలోచన. గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల నుంచి వెలికివచ్చిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇవన్నీ సంతోషించాల్సిన సంగతులే. కానీ 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం బాట పట్టాయి. తండా నుంచి బడికి వెళ్లే ఆరేళ్ల పిల్లకు మొదటిరోజు ఇప్పుడు రెండు పరాయి భాషలు ఎదురవుతాయి. ఒకటి పుస్తకంలో, ఒకటి పంతులమ్మ నోట్లో.

అయితే తల్లిదండ్రులు కోరుకునేది ఇంగ్లీషే. ఇది కాదనలేని మాట, తేలిగ్గా కొట్టిపారేయకూడని మాట. వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు నన్ను తీసుకొచ్చిన ఒక ఆటో డ్రైవరు దారంతా ఫోన్లో బిడ్డతో తెలుగులోనే మాట్లాడాడు. మధ్యలో ఇంకో ఫోన్ వస్తే లంబాడీలో మాట్లాడాడు. దిగేటప్పుడు అడిగాను, పాపకు మీ భాష రాదా అని.

"సమజైతది సార్, మాట్లాడదు. మేమే మాట్లాడనియ్యం. మా మాట నేర్పితే ఏం నౌకరొస్తది? నాలెక్క ఆటో నడుపుతదా?"

నేను డబ్బులిచ్చి దిగాను. ఆ క్షణాన చెప్పగలిగింది ఏమీ లేదు. మూడు తరాలు అవమానం తిని, ఇప్పుడిప్పుడే నగరంలో ఒక గది, ఒక ఆటో, ఒక స్కూలు ఫీజు సంపాదించుకున్న మనిషిని పట్టుకుని నీ భాష ప్రపంచ సంపద, నువ్వు కాపాడు అనే హక్కు నాకు లేదు. నా పిల్లలను ఇంగ్లీషులో చదివించుకున్నవాణ్ని నేను. ఈ మాట చాలామంది భాషాభిమానులకు నచ్చదుగానీ, బీదవాడి బతుకును పణం పెట్టి భాషను నిలబెట్టాలని చూడడం అధర్మం.

కానీ ఆ డ్రైవరు చేసిన లెక్క ఎవరు వేసిపెట్టిన లెక్క? లంబాడీ వస్తే నౌకరి రాదన్నది ప్రకృతి ధర్మం కాదు. ఏ పరీక్షకు ఏ భాష పనికొస్తుందో, ఏ ఉద్యోగానికి ఏ భాష అడుగుతారో నిర్ణయించేది ప్రభుత్వమే. దేవరకొండ ఆస్పత్రిలో నర్సుకు లంబాడీ వస్తే పురిటికొచ్చిన తల్లికి ధైర్యం. ఉట్నూరులో వ్యవసాయాధికారికి గోండీ వస్తే రైతుకు మేలు. ఆ ఉద్యోగాల్లో ఆ భాష వచ్చినవాళ్లకు నాలుగు మార్కులు ఎక్కువ ఇస్తే, అంగన్‌వాడీలో రెండు మూడేళ్లు ఇంటి భాషలోనే ఆటాపాటా జరిగి ఆపైన ఇంగ్లీషు కూడా బాగా నేర్పితే, ఆటో డ్రైవరు లెక్క మారుతుంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు అది చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా అయిదో తరగతి దాకా ఇంటి భాష అంటోంది. ఒక భాష నేర్పడానికి ఇంకో భాష మాన్పించాల్సిన పని లేదని ఎల్బీనగర్‌లో దిగే పిల్లలు రోజూ రుజువు చేస్తున్నారు. నోట్లో నాలుగు భాషలు పట్టే చోట అయిదోది బరువు కాదు.

ప్రభుత్వం ఒక్కటే చాలదు కూడా. ఐర్లండ్‌లో 1922 నుంచీ సొంత ప్రభుత్వం బడుల్లో ఐరిష్ నేర్పుతూనే ఉంది. అయినా ఇంట్లో ఐరిష్ మాట్లాడే పల్లెలు తగ్గుతూ వచ్చాయి. పాఠంగా మిగిలి, పొయ్యి దగ్గర మాటగా పోయింది. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ఇంటి పెద్దల చేత పసిపిల్లలకు మావోరీలోనే అన్నీ చెప్పించే భాషా గూళ్లు పెట్టుకున్నారు. 1987లో ప్రభుత్వం మావోరీని అధికార భాష చేసింది. జనం ముందు నడిచారు, ప్రభుత్వం వెనక వచ్చి చేయి వేసింది. ఆ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా పని జరగదని నా నమ్మకం.

ఇంట్లో పోయేదేమిటో ఒకసారి కళ్లారా చూశాను. సాగర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్‌హాల్లో లంబాడీ పెళ్లికి వెళ్లాను. పిల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పిల్లవాడూ అంతే. డీజే పాటలు తెలుగువి. అప్పగింతల వేళ డీజే ఆపారు. లంబాడీ పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లే ముందు అయినవాళ్లను ఒక్కొక్కరినీ కౌగిలించుకుని ఏడుస్తూ పాడుతుంది. ఢావ్లో అంటారు. రాసుకుని చదివే పాట కాదది. ఎదురుగా ఉన్నది మేనత్త అయితే మేనత్త చేసిన మేలు, అన్న అయితే అన్నతో గడిచిన చిన్నతనం, అప్పటికప్పుడు మాట కట్టి, రాగం తీసి పాడాలి. పెళ్లికి ముందు పెద్దాడవాళ్లు పిల్లకు అది నేర్పేవారట. ఈ పిల్లకు రాలేదు. భాష అర్థమవుతుంది, పాట కట్టేంత రాదు. నాయనమ్మ వచ్చి మనవరాలిని పట్టుకుంది. చేతులకు మోచేతుల దాకా తెల్ల గాజులు, అద్దాల రవిక, వయసు ఎనభైకి దగ్గర. పెళ్లికూతురు పాడాల్సింది ఆమే పాడింది. మనవరాలి నోటి మాటగా, తనను తనే ఉద్దేశించి. నన్ను ఎత్తుకు తిరిగావు, నన్ను విడిచి ఎలా ఉంటావు అని. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనున్నాయన తెలుగులో చెప్పాడు, ఆయన గొంతూ పూడుకుపోయింది. పెళ్లికూతురు వలవలా ఏడ్చింది, మాట లేకుండా. ఫోటోగ్రాఫరు ఇటు తిరగమంటున్నాడు.

నిఘంటువులో ఢావ్లో అన్న మాట ఉంటుంది. రికార్డింగు కూడా ఎక్కడో ఉంటుంది. మేనత్త ఎదురుగా నిలబడితే ఆ పిల్ల నోటికి మాట అందడం మాత్రం ఏ పెట్టెలోనూ దాచలేని సంగతి. పసితనం నుంచి ఆ భాషలో అలిగి, గొడవపడి, కబుర్లాడి ఉంటేనే అది వస్తుంది. అందుకే నేను భాష రికార్డు చేయడానికీ భాష బతకనివ్వడానికీ తేడా చూస్తాను. మొదటిదానికి నిధులు ఇస్తున్న ప్రభుత్వం రెండోదానికి చోటు ఇవ్వాలంటాను. అంగన్‌వాడీలో, ఆస్పత్రిలో, పరీక్షలో, లెక్కల పుస్తకంలో.

లెక్కల పుస్తకం అంటే, జనాభా లెక్కలు మళ్లీ వచ్చాయి. 2021లో జరగాల్సినవి 2027కు వచ్చిపడ్డాయి. మాతృభాష ఏదని అడుగుతారు, ఆపైన తెలిసిన మరో రెండు భాషలు అడుగుతారు. ఆ ఒక్క గడిలో పడే మాట మీద పదేళ్లపాటు ఎన్నో నిర్ణయాలు నడుస్తాయి. లంబాడీని హిందీ కింద నుంచి తీసి విడిగా చూపాలన్న కోరిక తండాల్లో ఎప్పటినుంచో ఉంది. ఎనిమిదో షెడ్యూలులో చేర్చమన్న కోరికా ఉంది. రెండూ న్యాయమైనవే. ప్రభుత్వం తలచుకుంటే మొదటిదానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు, పట్టికలో ఒక వరస మారిస్తే చాలు.

ఈ సంగతే మా పైవాటా కుర్రాడితో అన్నాను. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు మీ గదిలో ఉన్న వాళ్లంతా మాతృభాష దగ్గర లంబాడీ అనే రాయించండి, తెలుగు రెండో భాషగా రాయించండి అని.

"మా దాకా ఎందుకొస్తరు సార్?" అన్నాడు. "పొద్దున పోతే రాత్రికొస్తం. కింద ఓనర్ సారే అందరి పేర్లు చెప్పి పంపిస్తడు. భాష కూడా ఆయననే చెప్తడు."

ఆయన నాకూ ఇంటి ఓనరే. ఆ సాయంత్రమే వెళ్లి కూర్చున్నాను. ఎన్యూమరేటర్ పగలు వస్తే పైవాళ్లు ఉండే వేళకు మళ్లీ రమ్మనమని, అప్పటికీ కుదరకపోతే ఏం చెప్పాలో వాళ్లనే కాగితం మీద రాసి ఇవ్వమందామని అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. పై మూడు అంతస్తుల్లో ఎవరెవరికి ఏ భాషో తనకెప్పుడూ తెలియదని, ఎన్నడూ అడగలేదని కూడా అన్నాడు. మర్నాడు ఆదివారం. కుర్రాళ్లు గది గదికీ తిరిగి ఒక నోటుపుస్తకంలో రాసుకొచ్చారు. లంబాడీ, తెలుగు, ఉర్దూ, మళ్లీ లంబాడీ, రెండో అంతస్తులో ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు గోండీ. మూడో అంతస్తు గదుల్లో ఇద్దరు ఊరెళ్లారు, వాళ్లు వచ్చాక రాయాలి.